రాయి చచ్చిపోలేదు పిన్నీ!

సముద్రపు అక్వేరియం పాచి పట్టి కంపు కొడుతోందా? రాళ్లు పారేయడానికి ముందు ఒక్కసారి ఇది చదవండి.

"ఒరేయ్, ఆ రాళ్లన్నీ తీసి పెద్ద గిన్నెలో వేసి ఉడకబెడితే సరిపోదా? పాచంతా ఊడొచ్చేస్తుంది. ఇడ్లీ పాత్ర పాతది ఉంది, అది తీసుకో."

మా పిన్ని ఈ మాట అన్నప్పుడు కూకట్‌పల్లిలో వాళ్లింట్లో, హాలు మూలనున్న గాజుపెట్టె ముందు ఇద్దరం నిలబడి ఉన్నాం. రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు. సుమారు 55 లీటర్ల నీళ్లు. మామూలు గోల్డ్‌ఫిష్ తొట్టి కాదు, ఉప్పునీటి అక్వేరియం. అన్నయ్య ముచ్చటపడి పెట్టుకున్నాడు. రెండేళ్లు కంటికి రెప్పలా చూసుకున్నాడు. తర్వాత చదువుకని కెనడా వెళ్లిపోయాడు. వెళ్తూ వెళ్తూ "అమ్మా, రోజూ కాస్త మేత వెయ్యి, నీళ్లు తగ్గితే పొయ్యి" అని చెప్పాడట. ఆర్నెల్లపాటు పిన్ని ఆ రెండూ తు.చ. తప్పకుండా చేసింది.

ఫలితం? గాజు మీద ఆకుపచ్చ పొర. రాళ్లకి జుట్టులా వేలాడుతున్న నాచు. ఇసుక మీద ఎర్రటి జిగురు దుప్పటి. రెండు రొయ్యలు, ఓ చిన్న నీలం చేప ఎప్పుడో పోయాయి. మిగిలింది ఒక్క క్లౌన్‌ఫిష్. 'ఫైండింగ్ నెమో' సినిమాలోని నారింజ రంగు చేప ఉందే, అదే. పిన్ని దాన్ని బుజ్జి అంటుంది. పొద్దున్నే కాఫీ కప్పుతో ఆవిడ వచ్చి కూర్చోగానే అది గాజు దగ్గరికి వచ్చి నిలబడుతుంది.

"వాడికి ఫోన్ చేస్తే తీసి పారెయ్యమన్నాడు. బుజ్జిగాడిని ఎక్కడ పారేస్తాం రా?" అంది.

సమస్య అక్కడే ఉంది. బుజ్జి బతకాలంటే రాళ్లు బతకాలి. ఎందుకో చెప్తా.

రాయి కాదు, ఊరు

ఉప్పునీటి అక్వేరియంలో పెట్టే రాళ్లని లైవ్ రాక్ అంటారు. పేరు చూసి రాయికి ప్రాణం ఉంటుందేమో అనుకోకండి. రాయి మామూలు కాల్షియం కార్బొనేటే. అంటే సముద్రంలో పగడాల అస్థిపంజరం దేంతో తయారవుతుందో అదే పదార్థం. కానీ లోపలంతా స్పాంజిలా సన్నటి రంధ్రాలు. ఆ రంధ్రాల్లో కాపురం ఉండే బ్యాక్టీరియా, పురుగులు, నాచులే దాన్ని 'లైవ్' చేస్తాయి.

చేప మొప్పల నుంచి, తినగా మిగిలిన మేత నుంచి అమ్మోనియా వస్తుంది. చేపకి అది విషం. ఉప్పునీటి పీహెచ్ 8 పైనే ఉంటుంది కాబట్టి అక్కడ అమ్మోనియా మరింత ప్రమాదకరం. రాతి పైపొరల్లో ఉండే ఒక రకం బ్యాక్టీరియా అమ్మోనియాని నైట్రైట్‌గా మారుస్తుంది. ఇంకో రకం దాన్ని నైట్రేట్ చేస్తుంది. నైట్రేట్ చేపకి అంత హాని చెయ్యదు. ఆక్సిజన్ అందని లోపలి గదుల్లో మూడో రకం ఉంటుంది. అది నైట్రేట్‌ని నైట్రోజన్ వాయువుగా మార్చి గాల్లోకి వదిలేస్తుంది. చెత్త పుట్టడం దగ్గర్నుంచి మాయమవడం దాకా మొత్తం పని ఓ పిడికెడు రాయిలో జరిగిపోతుందన్నమాట.

ఈ పద్ధతి కొత్తదేం కాదు. 1961లోనే జకార్తాకి చెందిన లీ చిన్ ఎంగ్ అనే ఆయన పెద్ద ఫిల్టర్లేవీ లేకుండా, బతికున్న రాళ్లు, గాలి బుడగలతోనే సముద్రపు జీవుల్ని పెంచొచ్చని ఓ అమెరికన్ అక్వేరియం పత్రికలో రాశారు. ఆ తర్వాత జర్మనీలో బెర్లిన్ అభిరుచిపరులు దానికి ప్రొటీన్ స్కిమ్మర్, మంచి లైట్లు జోడించి ప్రపంచమంతా పాకించారు. ఇవాళ్టికీ చిన్న ట్యాంకుల్లో అసలు ఫిల్టర్ రాయే. వెనకాల తగిలించే ఫిల్టర్ డబ్బాది పక్కవాద్యమే.

అందుకే రాళ్లన్నీ ఒకేసారి తీసేస్తే ట్యాంకు శుభ్రంగా కనిపిస్తుంది. బుజ్జి మాత్రం తన అమ్మోనియాలో తనే ఉక్కిరిబిక్కిరై పోతుంది.

ఎక్కడ చెడింది?

మొదట నిందితుణ్ని పట్టుకోవాలిగా. పిన్ని తప్పేమీ లేదు, ఆవిడకి చెప్పింది సగమే.

ఒకటి, నీళ్లు. ట్యాంకులో నీరు ఆవిరవుతుంటే ఉప్పు అక్కడే ఉండిపోతుంది. తగ్గిన మేరకు ఉప్పులేని నీళ్లు పొయ్యడం కరెక్టే. కాకపోతే పిన్ని పోసింది బోరు నీళ్లు. వాటితో పాటు వచ్చే నైట్రేట్లు, సిలికేట్లు ఆవిరవ్వవు, రోజురోజుకీ పోగవుతాయి. పైగా ఎండాకాలంలో రోజూ లీటరు దాకా ఆవిరైతే అంతా పొయ్యడం కుదర్లేదు. నేను చూసేసరికి నీటి మట్టం నాలుగు వేళ్లు దిగింది. రిఫ్రాక్టోమీటర్‌లో చూస్తే సాంద్రత 1.031. ఉండాల్సింది 1.025 దగ్గర.

రెండు, మేత. బుజ్జి గాజు దగ్గరికి వస్తే ఆకలేస్తోందనుకుని మూడు పూటలా వేసేది. చేప తిననిది రాళ్ల మీద పడి మట్టిలా పేరుకుంది.

మూడు, ప్రవాహం. నీటిని తిప్పే చిన్న పంపు సున్నంలాంటి పెంకు పట్టి ఈడుస్తోంది. ప్రవాహం లేకపోతే రాతి రంధ్రాల్లోకి ఆక్సిజన్ పోదు, చెత్త బయటికి రాదు. ఊరు బాగానే ఉంది, డ్రైనేజీ మూసుకుపోయింది.

ఇడ్లీ పాత్ర వద్దంటే వద్దు

ఇప్పుడు పిన్ని ఐడియా దగ్గరికి వద్దాం. చాలామందికి వచ్చే ఆలోచనే అది. దయచేసి ఎవ్వరూ చెయ్యకండి.

ఉడకబెడితే బ్యాక్టీరియా అంతా చచ్చిపోతుంది, మళ్లీ మొదటికొస్తాం. అది చిన్న నష్టం. పెద్ద ప్రమాదం ఇంకోటుంది. కొన్ని రాళ్ల మీద బటన్లలా, చిన్న పువ్వుల్లా అతుక్కుని ఉండే జీవులుంటాయి. జోయాంథిడ్లు, పాలిథోవా అంటారు. వీటిలో కొన్నింటిలో పాలిటాక్సిన్ ఉంటుంది. ప్రకృతిలో దొరికే అత్యంత ఘోరమైన విషాల్లో అదొకటి. వేడినీళ్లు పోసినా, ఉడకబెట్టినా ఆవిరితో పాటు అది గాల్లోకి లేస్తుంది. వంటింట్లో ఇలా రాళ్లు ఉడకబెట్టి ఊపిరాడక, జ్వరంతో, దగ్గుతో కుటుంబాలకు కుటుంబాలు ఆస్పత్రిలో చేరిన కేసులు వైద్య పత్రికల్లో నమోదయ్యాయి. 2018లో ఇంగ్లండ్‌లో ఓ ఇంట్లో ట్యాంకులోంచి తీసిన పగడాన్ని శుభ్రం చేస్తుంటే ఇంటిల్లిపాదీ ఆస్పత్రి పాలయ్యారు.

మా ట్యాంకులో ఒక రాయి మీద అలాంటి బటన్లు పది పన్నెండు ముడుచుకుని ఉన్నాయి. అవి చూపించి చెప్పాక పిన్ని ఇడ్లీ పాత్రని అటక మీదకి పంపేసింది.

కాబట్టి రాయి ముట్టుకునేటప్పుడు చేతులకి గ్లవ్స్, కళ్లకి అద్దాలు. వేడి నీళ్లు, ప్రెషర్ పైపు, పొడి బ్రష్‌తో గీకడం వద్దు. చేతి మీద తెగిన గాయముంటే ఆ రోజు పని మానెయ్యండి.

బతికుందో లేదో ఇలా చూడండి

రాళ్లు పూర్తిగా పోయాయా, ఇంకా ఆశ ఉందా? దీనికి మూడు పరీక్షలున్నాయి. పెద్ద ఖర్చేం లేదు.

మొదటిది ముక్కు. రాయిని నీళ్లలోంచి పైకి తీసి వాసన చూడండి. సముద్రపు ఒడ్డున వచ్చే ఉప్పు వాసనైతే భేష్. కుళ్లిన గుడ్ల వాసనొస్తే లోపల ఆక్సిజన్ లేక హైడ్రోజన్ సల్ఫైడ్ పుడుతోందని అర్థం.

రెండోది టార్చ్. రాత్రి లైట్లన్నీ ఆపి గంట తర్వాత వెళ్లండి. ఫోన్ టార్చ్ మీద ఎర్ర కవరు ఏదైనా అడ్డం పెట్టి వెయ్యండి. రాళ్ల సందుల్లో నువ్వుగింజంత పురుగులు గెంతుతున్నాయా? వెంట్రుకల్లాంటి ముళ్లున్న పురుగులు తిరుగుతున్నాయా? చూడ్డానికి ఒళ్లు జలదరిస్తుంది కానీ అవి మన పారిశుధ్య కార్మికులు. ముట్టుకోకండి, ముళ్లు గుచ్చుకుంటాయి. మా ట్యాంకులో రెండో రోజు రాత్రి ఇవి కనిపించాయి. పిన్ని "ఛీ ఛీ" అంది. నేనైతే ఎగిరి గంతేశా.

మూడోది టెస్ట్ కిట్. మాకొచ్చిన అంకెలు: అమ్మోనియా సున్నా, నైట్రైట్ సున్నా, నైట్రేట్ 80 పీపీఎమ్, ఫాస్ఫేట్ 0.1.

అమ్మోనియా సున్నా అంటే ఏంటి? అంత మురికిలోనూ బ్యాక్టీరియా డ్యూటీ చేస్తూనే ఉంది. అప్పుడే అన్నా, "రాయి చచ్చిపోలేదు పిన్నీ!" అని.

నేను చేసిన తప్పు

ఇక్కడిదాకా అంతా బాగానే ఉంది. మూడో రోజు సాయంత్రం హీరోలా రంగంలోకి దిగా. మొత్తం ఎనిమిది రాళ్లున్నాయి. అడుగున ఇసుకలో కూరుకుపోయిన పెద్ద రాయిని ఒక్క ఊపున పైకి లాగేశాను.

దాని కింద ఇసుక బొగ్గులా నల్లగా ఉంది. బుడగలొచ్చాయి. హాలంతా కుళ్లిన గుడ్ల కంపు. రెండు నిమిషాల్లో నీళ్లు బూడిద రంగులోకి తిరిగాయి. పావుగంట గడిచేసరికి బుజ్జి నీటి పైకొచ్చి నోరు తెరుచుకుని రొప్పడం మొదలుపెట్టింది.

పిన్ని ఒక్క మాట కూడా అనలేదు. ఏదో ఒకటి అనుంటే బాగుండేది.

అదృష్టం ఏంటంటే మర్నాటి కోసం 20 లీటర్ల ఉప్పునీళ్లు ముందే కలిపి బకెట్లో పెట్టా. ఉన్నట్టుండి మారితే చేపకి కష్టమని పాత నీటికి దగ్గరగా 1.029లో కలిపా. పిన్ని చిన్న మగ్గుతో బుజ్జిని మెల్లగా పట్టి అందులోకి మార్చింది. నేను బ్యాటరీతో నడిచే గాలిపంపు పెట్టాను. హీటర్ అక్కర్లేకపోయింది, హైదరాబాద్ మే నెల కదా. ట్యాంకులో సగం నీళ్లు తోడేసి, నల్ల ఇసుకని సన్న పైపుతో పీల్చేసి, ఫిల్టర్‌లో యాక్టివేటెడ్ కార్బన్ సంచి వేసి, మిగతా నీళ్లు కలిపేసరికి రాత్రి ఒంటిగంట. బుజ్జి ఆ రాత్రంతా బకెట్లోనే. పిన్ని పక్కనే కుర్చీ వేసుకుని కూర్చుంది. తెల్లారి లేచేసరికి ఆవిడ కుర్చీలోనే నిద్రపోతోంది, చేప తిరుగుతోంది.

నేర్చుకున్నది రెండు ముక్కల్లో చెప్తా. రాయి కదిలించే ముందు కొత్త ఉప్పునీళ్లు రెడీగా పెట్టుకోవాలి. కూరుకుపోయిన రాయిని కదపాల్సి వస్తే చేపని ముందే వేరే బకెట్లోకి మార్చాలి.

అసలు వైద్యం

ఆ దెబ్బతో తొందర వదిలింది. తర్వాత చేసిందంతా నిదానంగానే.

ముందుగా నీళ్లు. మా వాటర్ ప్యూరిఫయర్ ఆర్‌ఓదే అయినా, రుచి కోసం ఖనిజాలు మళ్లీ కలిపే రకం. టీడీఎస్ మీటర్ పెడితే 90 చూపించింది. తాగడానికి అది బావుంటుంది కానీ అక్వేరియానికి సున్నా దగ్గర ఉండాలి. అందుకని ఆర్‌ఓకి తోడు డీఐ రెసిన్ డబ్బా తగిలించాం. ఉప్పంటే కిరాణా కొట్టు ఉప్పు కాదు. కాల్షియం, మెగ్నీషియం లాంటివన్నీ ఉన్న మెరైన్ సాల్ట్ మిక్స్ కావాలి. లీటరుకి దాదాపు 35 గ్రాములు పడుతుంది. కలిపి, పంపుతో ఒక రోజు తిప్పి, సాంద్రత చూసుకుని వాడాలి. వారానికి ఒక్కసారి 8 లీటర్లు తీసి 8 లీటర్లు పోశాం. 1.031 నుంచి 1.025కి రావడానికి రెండు వారాలు తీసుకున్నాం.

రెండోది ప్రవాహం. పంపు విప్పి వెనిగర్‌లో గంట నానబెడితే పెంకంతా కరిగిపోయింది. ట్యాంకు నీళ్లు గంటకి కనీసం ఇరవైసార్లు తిరగాలన్నది ఓ లెక్క. 55 లీటర్లకి గంటకి 1,100 లీటర్ల పంపు. మాది అంతకంటే చిన్నది కాబట్టి ఇంకో చిన్నది కలిపాం.

మూడోది ఊదడం. రబ్బరు బుడ్డి ఉన్న ప్లాస్టిక్ గొట్టం తెచ్చి, నీళ్లలోనే రాళ్ల సందుల్లోకి పిచికారీ కొట్టినట్టు కొట్టాలి. పేరుకున్న మట్టి పొగలా లేస్తుంది. ఫిల్టర్‌లో దూది పొర దాన్ని పట్టుకుంటుంది. గంట తర్వాత ఆ దూది తీసి పారెయ్యాలి. ఇది వారానికి రెండుసార్లు. ఒకేసారి మొత్తం రాళ్లకి కాదు, ఇవాళ రెండు, మూడ్రోజులాగి రెండు.

నాలుగోది, మరీ పాడైన మూడు రాళ్లు. వాటికి చీకటి చికిత్స. ఇంగ్లిష్‌లో ఈ పద్ధతిని రాక్ కుకింగ్ అంటారు కానీ ఇందులో వేడి పెట్టడం ఉండదు. మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బాలో ఉప్పునీళ్లు పోసి, చిన్న పంపు పెట్టి రాళ్లు వెయ్యాలి. వెలుతురు అస్సలు తగలకూడదు. వెలుతురు లేక నాచు చస్తుంది, ఈ బ్యాక్టీరియాకి వెలుతురు అక్కర్లేదు కాబట్టి అది మాత్రం చెత్తని తింటూ బతుకుతుంది. వారానికోసారి పక్క బకెట్లో ఉప్పునీళ్లు పోసి, రాయిని అందులో జాడించి, డబ్బాలో నీళ్లు మార్చి మళ్లీ మూత పెట్టాలి. మొదటి వారం జాడించిన బకెట్ అడుగున రెండు వేళ్ల మందం బురద దిగింది. ఆరో వారానికి చిటికెడు. అప్పుడు రాళ్లు తిరిగి ట్యాంకుకి వచ్చేశాయి. బటన్లున్న రాయిని మాత్రం ఈ డబ్బాలో వెయ్యలేదు, వాటికి వెలుతురు కావాలి.

మిగతా ఐదు రాళ్లు బుజ్జి దగ్గరే ఉంచాం. ఇది ముఖ్యం. అవి ఫిల్టర్‌గా పని చేస్తుంటేనే మనకి ఈ ఆరు వారాల తీరిక దొరుకుతుంది.

ఐదోది పథ్యం. లైటు రోజుకి 12 గంటల నుంచి 6 గంటలకి తగ్గించాం. మేత ఒక్క పూటే, రెండు నిమిషాల్లో తినేంతే. ఇది ఒప్పించడమే అన్నిటికంటే కష్టమైంది. "బక్కచిక్కిపోతాడు రా" అని పిన్ని వారం రోజులు గొడవ.

సున్నా అని మురిసిపోవద్దు

ఇక్కడ చాలామంది బోల్తాపడే విషయం ఒకటుంది. మొదట్లో ఫాస్ఫేట్ 0.1 మాత్రమే ఉందన్నా కదా. అంత తక్కువుంటే అంత నాచు ఎలా పెరిగింది? పెరిగిన నాచే దాన్ని ఎప్పటికప్పుడు తినేస్తోంది, అందుకే నీటిలో కనిపించలేదు! రెండో వారం చేత్తో నాచు పీకేశాక మళ్లీ చూస్తే 0.4.

నీళ్లు మార్చితే తగ్గింది. రెండ్రోజుల్లో మళ్లీ పెరిగింది. మళ్లీ మార్చితే మళ్లీ అంతే. కారణం రాయే. కాల్షియం కార్బొనేట్ ఫాస్ఫేట్‌ని పీల్చి పట్టుకుంటుంది. నీటిలో తగ్గినప్పుడల్లా కాస్త కాస్త వదులుతుంది. ఆర్నెల్ల మేత అప్పు రాయి ఖాతాలో ఉంది, మనం వాయిదాల్లో తీర్చాలి. ఇనుము ఆధారిత ఫాస్ఫేట్ రిమూవర్ కొద్దిగా ఫిల్టర్‌లో వేసి, పది వారాలకి 0.08కి తెచ్చాం. ఒక్క రోజులో సున్నా చేసే మందులు కూడా దొరుకుతాయి. ఒక్కసారిగా పడిపోతే బటన్లు, పగడాల లాంటివి దెబ్బతింటాయి. పైగా ఫాస్ఫేట్, నైట్రేట్ రెండూ సున్నా అయిన ట్యాంకుల్లో డైనోఫ్లాజెల్లేట్లనే కొత్త తలనొప్పి దిగుతుంది. కొంచెం ఉండటమే మంచిది.

బ్లీచ్, యాసిడ్ సంగతి కూడా అడుగుతారు. రాయి మొత్తం కుళ్లిపోయి ఏమీ మిగలనప్పుడు, ట్యాంకులో ప్రాణి ఏదీ లేనప్పుడు, అనుభవమున్న వాళ్లు చేసే ఆఖరి ప్రయత్నం అది. రెండూ కలిపితే క్లోరిన్ వాయువు పుడుతుంది, ప్రాణాల మీదకొస్తుంది. కడిగాక రాయి శుభ్రంగానే ఉంటుంది, కానీ 'లైవ్' ఉండదు. అమ్మోనియా తినే బ్యాక్టీరియా చాలా నిదానం. మామూలు బ్యాక్టీరియా అరగంటలోపే రెట్టింపైతే, దీనికి చాలా గంటలు, ఒక్కోసారి రోజుపైనే పడుతుంది. అందుకే ఖాళీ రాయి మళ్లీ లైవ్ కావాలంటే వారాలు కాదు, నెలలు.

పిలవని చుట్టం

ఐదో వారంలో ఓ రాయి మీద చిన్న తాటిచెట్టులాంటిది మొలిచింది. "భలే ఉందే" అంది పిన్ని. అది ఐప్టేసియా అనే సీ అనిమోన్, కలుపు మొక్క టైపు. దాన్ని గీకితే, కోస్తే ఒక్కో ముక్క నుంచి ఒక్కోటి పుడుతుంది. కాల్షియం హైడ్రాక్సైడ్‌ని కొద్ది నీళ్లతో చిక్కటి ముద్ద చేసి, పంపులు ఆపేసి, సూదిలేని సిరంజితో దాని నోట్లో ఓ చుక్క పెట్టాం. కాల్షియం హైడ్రాక్సైడ్ అంటే మరేదో కాదు, మన తడి సున్నమే. అక్వేరియం కోసం అమ్మే శుద్ధమైన పొడే వాడాలి, రోజుకి ఒకటి రెండు చుక్కలకి మించకూడదు. పీహెచ్ ఎగబాకుతుంది. పెప్పర్‌మింట్ రొయ్యలు కూడా దీన్ని తింటాయి.

నాచు పని పట్టడానికి మూడు ట్రోకస్ నత్తలు తెచ్చాం. టర్బో నత్తలు ఇంకా బాగా తింటాయి, కానీ వెల్లకిలా పడితే చాలావాటికి తిరగబడటం రాదు. చూసుకోకపోతే చచ్చి నీళ్లు పాడు చేస్తాయి. ట్రోకస్ తనే లేస్తుంది. మన ట్యాంకుకి మూడు చాలు. ఎక్కువ తెస్తే నాచు అయిపోయాక ఆకలితో పోతాయి.

కొత్త రాళ్లు కొనుక్కోవచ్చుగా?

ఇంత తంటా ఎందుకు, పాతవి పారేసి కొత్తవి తెచ్చుకుంటే పోలా? మా కజిన్స్ గ్రూపులో వచ్చిన మొదటి ప్రశ్న ఇదే.

కానీ రాయి ఎక్కడ్నుంచి వస్తుంది? సముద్రంలోని పగడపు దిబ్బ నుంచి. మన దేశంలో అది నేరం. వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972 ఉంది కదా, దాని మొదటి షెడ్యూల్లోకి దిబ్బలు కట్టే పగడాల్ని 2001లో చేర్చారు. అంటే పులికి ఎంత రక్షణో పగడానికీ అంతే. మన్నార్ సింధుశాఖలో, లక్షద్వీప్‌లో, అండమాన్‌లో టూర్‌కెళ్లినప్పుడు ఒడ్డున దొరికిన తెల్లటి ముక్కే కదా అని బ్యాగులో వేసుకున్నా ఇబ్బందే. అమెరికాలోని ఫ్లోరిడా ఎప్పుడో తన సముద్రంలో లైవ్ రాక్ తవ్వకం ఆపేసింది. అక్కడ ఇప్పుడు మామూలు రాళ్లని సముద్రంలో వేసి, జీవులు పట్టాక తీసి అమ్ముతారు. ఒకప్పుడు లైవ్ రాక్‌కి పెట్టింది పేరైన ఫిజీ దేశం కూడా ఎగుమతులు నిలిపేసింది.

అన్నయ్య కొన్నవి కూడా సముద్రం రాళ్లు కావు. ఫ్యాక్టరీలో అచ్చుపోసిన పొడి రాళ్లు. తెచ్చినప్పుడు తెల్లగా, సుద్దముక్కల్లా ఉండేవట. ఫ్రెండ్ ట్యాంకు నుంచి గుప్పెడంత ముక్క తెచ్చి మధ్యలో పెడితే, రెండేళ్లలో ఆ ఒక్క ముక్కలోని జీవులే మిగతా ఎనిమిది రాళ్లకీ పాకాయి. పిన్ని పారేద్దామనుకున్నది, రెండేళ్ల ఆ పెంపకాన్ని.

ఊదారంగు చుక్క

అన్నీ సాఫీగా జరిగాయని చెప్పను. మూడో నెలలో రాళ్లన్నీ గోధుమరంగు పొడి చల్లినట్టు అయిపోయాయి. డయాటమ్స్. సిలికేట్ అయిపోగానే వాటంతటవే పోయాయి. ఓసారి కరెంటు నాలుగు గంటలు పోతే బ్యాటరీ పంపే కాపాడింది. ఎండల్లో నీళ్లు 31 డిగ్రీలకి చేరితే టేబుల్ ఫ్యాన్ నీటి మీదకి తిప్పి 28కి దించాం. అప్పుడు ఆవిరి పెరిగి రోజూ ఆర్‌ఓ-డీఐ నీళ్లు లీటరున్నర పొయ్యాల్సొచ్చింది.

నాలుగో నెల చివర్లో ఓ ఆదివారం పిన్ని ఫోన్ చేసింది. "ఒరేయ్, రాయి మీద ఏదో మరక పడింది, ఊదారంగులో. గీకెయ్యనా?"

"ముట్టుకోకు!" అని అరిచా.

అది కొరలైన్ ఆల్గే. రాయికి గట్టి పెంకులా పట్టే ఊదారంగు నాచు. కాల్షియం, ఆల్కలినిటీ నిలకడగా ఉండి, ఫాస్ఫేట్ హద్దులో ఉంటేనే పెరుగుతుంది. ట్యాంకు కోలుకుందని చెప్పే సర్టిఫికెట్ అది. బటన్లు కూడా పదకొండు విచ్చుకున్నాయి.

అన్నయ్యకి వీడియో కాల్‌లో చూపించాం. కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత "అమ్మా, ఇంకో చేప కొనుక్కో, డబ్బులు పంపిస్తా" అన్నాడు.

"ఏం వద్దు. ఉన్నవాడికి ఒక పూటే పెట్టమంటున్నారు, ఇంకోణ్ని తెచ్చి పస్తులుంచాలా?" అంది పిన్ని.

ఇప్పుడు వాళ్ల అపార్ట్‌మెంట్‌లో రెండో ఫ్లోర్ కుర్రాడు కొత్తగా ఉప్పునీటి ట్యాంకు పెట్టుకుంటున్నాడు. తెల్లటి పొడి రాళ్లు తెచ్చుకున్నాడు. వాటి మధ్యలో పెట్టుకోడానికి ఒక ముక్క ఇస్తారా ఆంటీ అని అడిగాడట. పిన్ని ఇచ్చింది. ఇస్తూ మూడు షరతులు పెట్టింది: బోరు నీళ్లు పొయ్యొద్దు, మేత ఒక్క పూటే, ఊరెళ్తే చేపని నా దగ్గర వదిలి వెళ్లు.

మొదలుపెట్టే ముందు

• కొత్త ఉప్పునీళ్లు, బ్యాటరీ గాలిపంపు, ఖాళీ బకెట్ రెడీగా పెట్టుకున్నాకే రాయి ముట్టుకోండి.
• గ్లవ్స్, కళ్లద్దాలు తప్పనిసరి. ఉడకబెట్టడం, వేడినీళ్లు, ప్రెషర్ పైపు వద్దు.
• చేప ఉన్న ట్యాంకులో రాళ్లన్నీ ఒకేసారి తీయొద్దు. కనీసం సగం లోపలే ఉండాలి.
• రాయిని కుళాయి నీళ్ల కింద కడగొద్దు. తీసిన ట్యాంకు నీళ్లలోనో, కొత్త ఉప్పునీళ్లలోనో జాడించండి.
• లక్ష్యాలు: సాంద్రత 1.025, ఉష్ణోగ్రత 25 నుంచి 27, పీహెచ్ 8.1 నుంచి 8.3, నైట్రేట్ 10 పీపీఎమ్ దగ్గర, ఫాస్ఫేట్ 0.03 నుంచి 0.1. వీటికి చేరడానికి నెలలు పట్టినా పర్లేదు, ఒక్క రోజులో మాత్రం చేరొద్దు.
• పని అయ్యాక చేతులు సబ్బుతో కడుక్కోండి. బటన్లున్న రాయి ముట్టుకున్నాక దగ్గు, ఆయాసం, నోట్లో లోహపు రుచి, జ్వరం అనిపిస్తే ఆలస్యం చెయ్యకుండా ఆస్పత్రికి వెళ్లండి, ఏం ముట్టుకున్నారో డాక్టర్‌కి చెప్పండి.